ఊ అన్న పాపానికి

"చెయ్యి కాస్త పైకెత్తండి మేడమ్," అంది తాయారు.

ఇందుమతి చెయ్యెత్తింది. టేపు చంక కింద నుంచి తిరిగి ముందుకొచ్చింది. ఒళ్లు కదలకుండా నిలబడింది గానీ, నోరు మాత్రం నిలవలేదు.

"హైదరాబాద్ వాళ్లు నిన్న ఫోన్ చేసేరు తాయారూ. శుక్రవారం నుంచి రెండు రాష్ట్రాల్లోనూ మన ఊకొట్టే."

"ఊఁ."

"వారపత్రికలో ఎన్నేళ్లు రాసేను కంప్యూటర్ చిట్కాలు. ఎవరు విన్నారు చెప్పు? పాస్‌వర్డ్ మార్చుకోండంటే మార్చుకోరు. చదవకుండా ఓకే నొక్కకండంటే ముందు అదే నొక్కుతారు. పోన్లే, నొక్కడమే అక్కర్లేకుండా చేద్దామనిపించింది."

"ఊఁ."

తాయారు నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని పళ్ల మధ్య పట్టుకుని మాట్లాడలేదు. గొంతులోంచి ఊ అని మాత్రం అనగలదు. ఆమె చెవి వెనక బొట్టుబిళ్లంత గోధుమరంగు అట్టముక్క అతికి ఉంది. ఇందుమతి వాళ్లు తయారుచేసిన ఊకొట్టు అదే. దాన్ని అందరూ బిళ్ల అనే అంటారు.

గుమ్మంలోంచి ఎవరో అమ్మాయి తొంగి చూసింది. "ఆదివారం కొట్టు తీస్తారాండీ?"

తాయారు తలూపింది. ఆ క్షణంలోనే బిళ్ల ఆమె చెవి ఎముకలోకి గుసగుసలాడింది. ఆదివారం కూడా తెరిచి ఉంటుందని మీ పేజీలో పెట్టనా?

"ఊఁ," అంది తాయారు గొంతు.

బల్ల మీదున్న ఫోనులో 'తాయారు లేడీస్ టైలర్స్' పేజీ ఒకసారి మెరిసింది. కింద ఒక లైను చేరింది. ఆదివారం సెలవు లేదు.

ఇందుమతికి ఎన్నిసార్లు చూసినా ఇదే ముచ్చట. కీబోర్డు తెలియని మనిషి, మౌస్ ముట్టని మనిషి, నోట్లో సూదులతో వెబ్‌సైట్ నడుపుతోంది. గొంతు కదిలితే చాలు, శబ్దం బయటికి రాకపోయినా బిళ్ల పట్టేస్తుంది. ఎక్కడైనా చిక్కుపడితే తమ ల్యాబ్ నుంచి ఇందుమతి వాళ్లే చెవిలో మాట్లాడి దారి చెప్పొచ్చు. మొదట్లో పేజీ తయారుచేసినప్పుడు తాయారు ఒక్కదాన్నే వద్దంది. తన ఫోటో. "నా మొహానికేం కళుందండీ," అని నవ్వేసింది. ఇందుమతి బలవంతపెట్టలేదు.

"ఇంకో విషయం విన్నావా," అంటూ ఇందుమతి మళ్లీ మొదలుపెట్టింది.

"ఊఁ."

కత్తిరించిన లైనింగు గుడ్డ ఒకటి జారి ఫోను మీద పడింది. ఆ తర్వాత ఫోను వంక ఎవరూ చూడలేదు.

* * *

ఇంటికెళ్లేసరికి హాలు గోడ చిలకాకుపచ్చగా ఉంది.

ఆమె భర్త సుదర్శనం ఆ గోడ ముందు చేతులు కట్టుకుని, ఓడరేవులో ఓడను దింపి వచ్చినవాడిలా నిలబడ్డాడు. నిజానికి ఆయన చేసేది ఓడరేవు దగ్గర క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తా పని.

"ఏంటండీ ఇది?"

"నువ్వు ఊ అన్న రంగే."

"నేనెప్పుడన్నాను?"

"మొన్న అన్నం తింటుంటే. చిలకాకుపచ్చ వేయిద్దామా అన్నాను, ఊఁ అన్నావు. పైన తెల్ల బోర్డరన్నాను, ఊఁ అన్నావు. పెయింటర్ని రమ్మంటానన్నాను. దానికీ ఊఁ."

"వింటున్నానని అన్నానండీ. సరేనని కాదు."

"వింటే రంగేదో తెలిసుండాలి కదా మరి," అన్నాడు సుదర్శనం నెమ్మదిగా.

ఇందుమతి నవ్వేసి వంటింట్లోకి వెళ్లింది. కానీ ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. మర్నాడూ ఉంది. ఆ మర్నాడు ల్యాబ్ మెట్లెక్కుతుంటే కూడా ఉంది.

* * *

కాకినాడ సర్పవరం జంక్షన్లో, మందుల షాపు పై అంతస్తులో వాళ్ల ల్యాబ్. పెద్ద తెర ముందు ఫణీంద్ర మిఠాయి పొట్లం విప్పుతున్నాడు. ఊకొట్టు మెదడు అతను రాసిందే.

"నూటికి తొంభై ఎనిమిది ఇందు గారూ. మొదట్లో అరవై కూడా లేదు. ఇప్పుడు ఏదడిగినా ఊ అంటున్నారు జనం."

"ఏం మార్చేవు?"

"ఒక్క లైను మారిస్తే ఒట్టు. అదే నేర్చుకుంది. ఊ వస్తే దానికి మార్కు, రాకపోతే సున్నా. మార్కుల కోసం ఎవడైనా కిటుకులు నేర్చుకుంటాడు కదండీ."

"ఏం కిటుకు?"

"ఎప్పుడు అడగాలో." అతను మిఠాయి నోట్లో వేసుకున్నాడు.

ఇందుమతికి చిలకాకుపచ్చ గోడ కళ్ల ముందు మెదిలింది. "ఎప్పుడు అడుగుతోందో నాకు చూపించు."

ఫణీంద్ర మీట నొక్కాడు. తెర మీద అడ్డంగా ఒక గీత పరుచుకుంది. దాని మీద ఎర్రచుక్కలు. ఒక్కో చుక్క బిళ్ల అడిగిన ఒక్కో ప్రశ్న. గీతలో అక్కడక్కడా నీలిరంగు పట్టీలున్నాయి. మనిషి దగ్గర ఇంకెవరో మాట్లాడుతున్నారని బిళ్లకి వినిపించిన సమయాలవి.

ఎర్రచుక్కలన్నీ నీలి పట్టీల మీదే ఉన్నాయి. పట్టీ లేనిచోట ఒక్క చుక్కా లేదు.

ఫణీంద్ర నమలడం ఆపేశాడు.

"ఎదుటి మనిషి కబుర్లు చెబుతుంటే మనం ఊ కొడతాం," అంది ఇందుమతి. "అది ఆ సందు చూసి అడుగుతోంది. వాళ్లు దాని మాట వినట్లేదు ఫణీ. పక్కవాళ్ల మాట వింటున్నారు. ఆ ఊ ని ఇది ఏరుకుంటోంది."

"అంటే ఈ తొంభై ఎనిమిదీ..."

ఇందుమతి ఫోను మోగింది. తాయారు.

"మేడమ్," అంది. "పేజీలో నా మొహం ఏందండీ?"

ఏంది. ఆ మాట తాయారు నోట ఇందుమతి ఎన్నడూ వినలేదు. కాకినాడ మనిషిలా ఆయ్ అనేది, ఏంటండీ అనేది. ఇది వేరే చోటి మాట.

"ఏ మొహం?"

"నా ఫోటో. కొట్టు ఎక్కడుందో మ్యాపు. ఇందాక ఒకావిడ వచ్చి ఫోటో బాగుందమ్మా అంటే చూశా. నేను వద్దన్నాను గదండీ."

ఇందుమతి చేతులు అప్పటికే పరిగెడుతున్నాయి. పేజీ తెరుచుకుంది. కుట్టిన జాకెట్టు పట్టుకుని నవ్వుతున్న తాయారు. ఎవరో కస్టమరు తీసి పంపిన ఫోటో, బిళ్ల ఫోనులోంచి లాక్కుంది. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో చూసింది. మంగళవారం, తను కొలతలిస్తున్న పూట. బిళ్ల అడిగిన ప్రశ్న పక్కనే ఉంది. మీ ఫోటో, మ్యాపు పెడితే నమ్మకం పెరుగుతుంది, పెట్టనా? ఆ వాక్యం తనదే. ఒకప్పుడు పత్రికలో రాసిన చిట్కా. ఆ ప్రశ్న మీద పరుచుకున్న నీలి పట్టీ కూడా తనదే. తను కబుర్లు చెబుతుంటే తాయారు ఊ కొట్టింది.

"తీసేశాను తాయారూ. రెండూ తీసేశాను. కంగారుపడకు. ఫోటో చూస్తే ఏమైంది?"



"నా పేరు తాయారు కాదండీ. నాగేంద్రం. మాది పల్నాడు. మా ఆయన ఏడుకొండలు. ఆ రోజు గొడ్డలి నాకు తగల్లేదు, తలుపుకి తగిలింది. అందుకని బతికుండా. ఏ ఊళ్లో ఉన్నా పట్టుకుంటానని మా అన్నకి చెప్పాడంట. నాలుగేళ్లుగా నా ఫోటో బయటికి పోకుండా బతుకుతుండా మేడమ్."

ఇందుమతి పేజీకి వచ్చిన సందేశాలు తెరిచింది. నిన్నటి తేదీతో ఒకటుంది. పేరు లేదు. మా ఆడోళ్ల జాకెట్లు ఉండయి, రేపు పొద్దున కొట్టు తీసే ఉంటదా? కింద బిళ్ల అడిగిన ప్రశ్న: తీసే ఉంటుంది, రండి అని జవాబివ్వనా? దాని పక్కన చిన్న అక్షరం. ఊ.

"తాయారూ, నువ్వు ముందు కొట్టు కట్టెయ్. ఇప్పుడే..."

"ఒక్క నిమిషం మేడమ్. ఎవరో వచ్చారు."

ఫోను ఆగిపోయింది.

మళ్లీ చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు.

"బండి తియ్యి," అంది ఫణీంద్రతో. "గాంధీనగర్. పోలీసులకి దార్లో చెప్పు."

అతను మెట్ల మీద ఉండగానే ఇందుమతి తాయారు బిళ్లని తెర మీదికి తెచ్చింది. ఆకుపచ్చ గీత ఒకటి సన్నగా కదులుతోంది. గొంతు కదిలినప్పుడల్లా గీత చిన్న గుట్టలా లేస్తుంది. మాటలు బిళ్ల దాటి ల్యాబ్‌కి రావు. పక్కన ఎవరైనా మాట్లాడుతున్నారా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది. నీలి పట్టీ నిండుగా ఉంది. ఎవరో ఆపకుండా మాట్లాడుతున్నారు.

ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. "తాయారూ, నేను ఇందుమతిని. నీ చెవిలో మాట్లాడుతున్నాను. వచ్చింది వాడేనా?"

గుట్ట లేచింది. ఊ.

ఇందుమతి ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో గుట్ట. ఆమె ఏమీ అడగలేదు. మళ్లీ ఇంకోటి. నీలి పట్టీ ఆగినప్పుడల్లా ఒక ఊ. మాట్లాడేవాడికి భయపడి కొడుతున్న ఊ అయినా కావచ్చు. కాకపోతే ఎవరో కస్టమరు మెడ డిజైను చెబుతుంటే కొడుతున్న ఊ.

"వెనక తలుపుందా?"

ఊ. ఇది తనకా, వాడికా?

గీత మీద అన్ని గుట్టలూ ఒక్కలాగే ఉన్నాయి. సరేనన్న ఊ, వింటున్నానన్న ఊ, కొట్టొద్దు అన్న ఊ. యంత్రానికి మూడూ ఒకటే. అలా నేర్పింది తనే. కాదనే మాట నేర్పలేదు. రెండు మీటలుంటే పెద్దవాళ్లు తికమకపడతారని, ఒకటే చాలని, ఆ రోజు తనే పట్టుబట్టింది.

నీలి పట్టీ చిక్కబడింది. గొంతు పెంచినట్టున్నాడు.

ఇందుమతి కళ్లు మూసుకుంది. ఊ ని నమ్మే వీల్లేదు. మరేది నమ్మాలి?

"తాయారూ, జాగ్రత్తగా విను. వచ్చింది వాడే అయితే, నా మాట నీకు వినపడుతుంటే, ఊ కొట్టడం మానెయ్. వాడేం అడిగినా సరే. అనకు."

నీలి పట్టీ ఆగింది. అక్కడ గుట్ట లేవాలి. లేవలేదు. మళ్లీ నీలం, మళ్లీ ఆగింది. గీత నేలలా చదునుగా ఉంది.

వాడే.

మరుక్షణం ఇందుమతికి ఇంకో సంగతి తట్టింది. చెప్పిన మాటకి ఊ రాకపోతే అలాంటివాడు ఊరుకోడు. తాయారు నోరు తనే కట్టేసింది.

తెర మీద చుట్టుపక్కల బిళ్లల్ని వెతికింది. తాయారు కొట్టుకి ఆనుకునే మరిడమ్మ గాజుల కొట్టు. బిళ్ల పనిచేస్తోంది.

"మరిడమ్మ గారూ, ల్యాబ్ నుంచి ఇందుమతిని. పక్క కొట్లో తాయారు ప్రమాదంలో ఉంది. వెంటనే వెళ్లండి."

ఊ.

"వెళ్తున్నారా?"

ఊ.

నీలి పట్టీ నిండుగా ఉంది. పెళ్లిళ్ల రోజులు, కొట్టు నిండా ఆడవాళ్లు. మరిడమ్మ ఊ కొడుతోంది, ఇందుమతికి కాదు. గాజుల బేరానికి.

ఇందుమతి మైకు మీదికి వంగింది. "మరిడమ్మ గారూ, మీ గాజుల స్టాండు ముందుకి ఒరిగిపోతోంది."

గీత ఒక్కసారిగా చెల్లాచెదురైంది. గొంతు నిండుగా మాట్లాడితే అలా అవుతుంది.

"స్టాండు బానే ఉంది. ఇప్పుడు విన్నారు కదా, ఇది కూడా వినండి. పక్క కొట్లో తాయారుని కొట్టి చంపేలా ఉన్నాడొకడు. ఒక్కరూ వెళ్లకండి. అందర్నీ తీసుకెళ్లండి."

గీత ఎగిరెగిరి పడింది. మనిషి పరిగెడితే అలా అవుతుంది.

* * *

తర్వాత జరిగింది ఫణీంద్ర చెప్పాడు.

అతను వెళ్లేసరికి పోలీసులు ఇంకా రాలేదు. తాయారు కొట్టు గుమ్మంలో మరిడమ్మ రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడి ఉంది. లోపల గాజులు కొనడానికొచ్చిన ఆడవాళ్లు. మధ్యలో ఏడుకొండలు తాయారు మణికట్టు పట్టుకుని ఉన్నాడు. ఆమె పెదవి చిట్లి రక్తం కారుతోంది. మిషను పక్కకి పడి ఉంది.

"తప్పుకోండమ్మా. ఇది నా పెళ్లాం," అంటున్నాడు వాడు.

"అయితే అవనీవయ్యా. కాదన్నామా?" అంది మరిడమ్మ. "మా మనవరాలి ఓణీల ఫంక్షన్ జాకెట్టు దీని దగ్గరుంది. అది కుట్టకుండా ఎక్కడికి తీసుకెళ్తావ్?"

"నావి రెండున్నాయండోయ్," అంది ఇంకొకావిడ. "హుక్కులు కూడా పెట్టలేదు."

"మా వదిన లంగా కొలత తప్పింది, అదెవరు విప్పుతారు? నువ్వు విప్పుతావా? రా, కూర్చో మిషను మీద."

వాడికి కోపం వస్తోంది గానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఒక్కరుంటే కొట్టేవాడే. ఎటు తిరిగినా ఎవరో ఒకరు జాకెట్టు అడుగుతున్నారు. ఎవరూ కదలడం లేదు. ఆ గోలలో వాడి పట్టు సడలింది. మరిడమ్మ తాయారుని తన వెనక్కి లాగేసుకుంది. ఫణీంద్ర వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. పోలీసు జీపు వచ్చేదాకా వాడిని ఆపింది పోలీసులూ కాదు, ఫణీంద్రా కాదు. జాకెట్లు.

* * *

ఆ సాయంత్రం ల్యాబ్‌లో మిఠాయి పొట్లం అలాగే తెరిచి ఉంది. దాని మీద చీమలు పట్టాయి.

"ఉహూ కూడా నేర్పుదాం," అన్నాడు ఫణీంద్ర. "రెండు మీటలు. తప్పు ఊలు పోతాయి. హైదరాబాద్ వాళ్లని ఒక్క నెల ఆగమందాం."

"నెల తర్వాత ఉహూ ఎప్పుడు రాదో నేర్చుకుంటుంది. మార్కులిస్తున్నావు కదా."

"మార్కులు లేకపోతే అది నేర్చుకోదండీ."

"నేర్చుకోవద్దు."

ఫణీంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. "పెద్దాపురంలో ఒకాయన ఉన్నాడు, మీకు తెలుసు. పక్షవాతం. మంచం మీద నుంచి విత్తనాల కొట్టు నడుపుతున్నాడు. ఆయనకి వచ్చిన మాట ఒక్కటే, ఊ. అది తీసేస్తే ఆయన పనేమవ్వాలి?"

అతను చెప్పింది అబద్ధం కాదు. ఈ బిళ్ల వల్ల బతుకుతున్నవాళ్లున్నారు. తాయారు కూడా మొన్నటిదాకా వాళ్లలో ఒకర్తే.

"మనిషి పిలిస్తే బిళ్ల పలకాలి," అంది ఇందుమతి చివరికి. "అంతకుముందు నోరెత్తకూడదు. పిలిచి అడిగిన దానికి వచ్చిన ఊ ఒక్కటే లెక్క. అలా మార్చు."

"అలా మారిస్తే ఎవడూ కొనడు ఇందు గారూ. ముందుగా అడగడమే మన సరుకు."

"తెలుసు."

శుక్రవారం రాలేదు. అంటే తారీఖు వచ్చింది, హైదరాబాద్ వాళ్లు రాలేదు. నెల తిరక్కుండా ల్యాబ్ అద్దె కట్టలేక ఇందుమతి ఇంట్లో, చిలకాకుపచ్చ గోడ ముందు కంప్యూటర్లు పెట్టుకుంది. పెద్దాపురం ఆయనకి పిలవడానికి మాట లేదు కాబట్టి ఫణీంద్రే వెళ్లి, కాలి బొటనవేలి కింద ఒక మీట బిగించి వచ్చాడు. ఆయన పది ప్రశ్నల పనికి ఇప్పుడు పూటంతా పడుతోంది. ఇదివరకటిలా చేయమని ఊ, ఊ అని బతిమాలాడట. ఆ మాట చెప్పి ఫణీంద్ర ఇంకో కంపెనీలో చేరిపోయాడు. కోపంతో కాదు. అతనికీ ఇల్లుంది.

ఏడుకొండలు బెయిలు మీద బయటికొచ్చేలోపే తాయారు కొట్టు ఖాళీ చేసింది. కుట్టాల్సిన జాకెట్లన్నీ పూర్తిచేసి, హుక్కులు పెట్టి, మరిడమ్మ కొట్లో అప్పగించి వెళ్లింది.

* * *

ఆమె ఏ ఊరు వెళ్లిందన్నది ఇక్కడ అనవసరం. ఇందుమతి చాలా రోజులాగి, ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుని వెళ్లింది.

సందులో చిన్న గది. బోర్డు లేదు. గోడకి రంగు దారాలు. కొత్త మిషను కాదు, ఎవరిదో పాతది. ఆమె చెవి వెనక బిళ్ల ఉండే చోట చర్మం కాస్త తెల్లగా ఉంది.

"కూర్చోండి మేడమ్. ఎండన పడొచ్చారు."

"తాయారూ..."

"ఇక్కడ తాయారు కాదండీ." కొత్త పేరు చెప్పింది. ఇందుమతి ఆ పేరు లోపల ఒకసారి అనుకుని చూసింది. నోటికి అలవాటు కాలేదు.

ఆమె గుండుసూదులు నోట్లో పెట్టుకుని టేపు తీసింది. "చెయ్యి కాస్త పైకెత్తండి," అన్నట్టు గడ్డం ఎగరేసింది.

ఇందుమతి చెయ్యెత్తింది. ఊరికే నిలబడలేక మొదలుపెట్టింది. "ల్యాబ్ తీసేశాను. ఇంట్లోంచే చేసుకుంటున్నాను."

ఏమీ వినపడలేదు.

"మరిడమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. మనవరాలి ఓణీల ఫంక్షన్ బాగా జరిగిందట."

టేపు భుజం మీదుగా జారింది. గొంతు కదల్లేదు.

"మళ్లీ పత్రికలో చిట్కాలు రాస్తున్నాను. మొదటిది ఏం రాశానంటే..."

వాక్యం సగంలో ఆగిపోయింది. ఎదుటి మనిషి ఊ అనకపోతే మాటకి మెట్టు దొరకదని ఇందుమతికి అప్పుడు తెలిసింది. ఎంత మాట్లాడినా గోడకి చెప్పినట్టే ఉంది. ఆమె అటు తిరిగి ఉంది, మొహం కనబడటం లేదు.

"వింటున్నావా?" అంది ఇందుమతి.

ఆమె టేపు కింద పెట్టింది. నోట్లోని సూదులు ఒక్కొక్కటిగా తీసి, దూదిమెత్తకి గుచ్చింది. ఇటు తిరిగింది.

"వింటున్నానండీ," అంది. "చెప్పండి."

కొలతలన్నీ అయ్యేదాకా ఆ సూదులు మెత్తకే ఉన్నాయి. మళ్లీ నోట్లో పెట్టుకోలేదు.